అలవర్సు దొర గొడుగు

ప్రతి ఉదయం మొదటి గంట కొట్టకముందే ప్యూను జక్కయ్య చాపెల్ వరండాలోకి వెళ్ళి, కొక్కేనికి వేలాడుతున్న నల్ల గొడుగును చేత్తో తడిమి చూసేవాడు. పొడిగా ఉంటే నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో ‘పొడి’ అని రాసేవాడు. తడిగా ఉంటే ‘తడి’. ధారగా కారుతుంటే కింద బకెట్టు పెట్టి, నేల మీద పడ్డ బూటు అడుగులు గుడ్డతో తుడిచి, ప్రిన్సిపాల్ ఇశ్రాయేలు గారి గది తలుపు తట్టేవాడు. ఆయన తల ఎత్తకుండానే, “సరే, రేపు సెలవని చెప్పు,” అనేవారు.

అది హాల్వర్సన్ దొర గొడుగు. బెజవాడలో పటమట దాటాక బందరు కాలువ గట్టున ఆ చిన్న లూథరన్ కాలేజీని పెట్టింది ఆయనే. జనానికి ఆ పేరు నోరు తిరగక అలవర్సు దొరను చేశారు. కాలేజీకి మిషను వాళ్ళు పెట్టిన పొడుగాటి పేరును పక్కన పడేసి గొడుగు కాలేజీ అన్నారు. దొర పోయి ఎన్నో ఏళ్ళయినా ఇంకా పడని వానలో ముందే ఓసారి నడిచి వచ్చి, గొడుగు కొక్కేనికి తగిలించి వెళ్ళేవాడు. చినుకులైతే ముందు రోజు, పెద్ద ముసురైతే ఇంకాస్త ముందు. పటమట రైతులు వడ్లు ఆరబోసే ముందు సైకిలు మీద వచ్చి బోర్డు చూసుకుని పోయేవారు. ఎండాకాలంలో ఆ గొడుగును ఎవరూ పట్టించుకునేవారు కాదు.

చరిత్ర లెక్చరర్ ఆమోసు మాస్టారికి కూడా గొడుగు మీద అనుమానం లేదు. ఆయన అనుమానమంతా మనుషుల మీదే. మెస్సులో సాంబారు పల్చగా ఉంటే పప్పు ఎటు పోయిందని అనుమానం. పిల్లవాడికి మంచి మార్కులొస్తే పక్కవాడి మీద అనుమానం. భార్య అమలమ్మ ఆడపిల్లల హాస్టలు మేట్రను. ఆవిడ ఇంట్లో నవ్వితే ఎందుకు నవ్వావని అడిగేవారు. అడిగి అడిగి, చివరికి ఆవిడ నవ్వకుండా ఉంటే ఎందుకు నవ్వడం లేదని అడిగేవారు.

ఆ ఏడు, పంతొమ్మిది వందల డెబ్బై ఏడులో, కాలేజీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. క్రిస్మసు ముందు స్వర్ణోత్సవం పెట్టుకున్నారు. ఆ రోజుకు కాలేజీ చరిత్ర పుస్తకంగా రావాలన్నారు ఇశ్రాయేలు గారు. రాసే పని ఆమోసు మాస్టారి మీద పడింది. మాస్టారు రాయడం మొదలుపెట్టారు గానీ రాసిన ప్రతి వాక్యం పక్కనా ‘ఆధారం?’ అని ఎర్ర సిరాతో గీసుకునేవారు. దొర కాలువలో పడవ మీద వచ్చి, తాటాకుల పాక కింద పాఠం మొదలుపెట్టాడట. ఆధారం? బి.ఏ. చదివినవాడికి చరిత్ర, తత్వశాస్త్రాలతో పాటు ఒక పాటా, చేతిపని ఒకటీ కూడా వచ్చి తీరాలని పట్టుబట్టి, పాకలో ఓ మూల హార్మోనియం, ఓ మూల వడ్రంగి బల్ల వేయించాడట. ఆధారం? కాలేజీ నిలదొక్కుకున్నాక ఓ ఏడు సముద్రం ఒడ్డున గాలివాన కొట్టిందని విని, గొడుగు పట్టుకుని పడవెక్కి వెళ్ళిపోయాడట. తిరిగి రాలేదట. గొడుగు మాత్రం కాలువలో ఎదురీది వచ్చి కాలేజీ రేవుకు తగిలిందట. ఈ మాట పక్కన మాస్టారు ‘ఆధారం?’ అని రెండుసార్లు గీశారు.

నవంబరులో ఒక బుధవారం ఉదయం జక్కయ్య ప్రిన్సిపాల్ గది తలుపు తట్టాడు.

“ధారగా కారుతోందండి. బకెట్టు నిండిపోయింది.”

“అయితే శనివారం దాకా సెలవు ఇవ్వాల్సిందేనా?” అన్నారు ఇశ్రాయేలు గారు.

అక్కడే ఉన్న ఆమోసు మాస్టారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. శనివారం ఆయన బి.ఏ. ఫైనలియర్‌కు చరిత్ర పరీక్ష పెట్టారు. సరిగ్గా పరీక్ష ముందే గొడుగు కారాలా? మాస్టారు గబగబా వరండాలోకి వెళ్ళారు.

అక్కడ గంగారత్నం వంగి, ఓణీ చెంగుతో నేల తుడుస్తోంది.

గంగారత్నం ఫైనలియర్ పిల్ల. బందరు అవతల సముద్రం ఒడ్డున ఓ చిన్న పల్లెపాలెం వాళ్ళది. చేపలు పట్టుకుని బతికే ఆ పాలెంలో బడి గడప దాటి కాలేజీ దాకా వచ్చింది ఈ పిల్ల ఒక్కతే. రెండు రోజుల కిందటే మాస్టారి దగ్గరికి వచ్చి, శనివారం అక్క పేరమ్మకు సీమంతం ఉంది, ఇంటికి వెళ్ళొస్తానని అడిగింది. పరీక్ష ఉండగా సీమంతం ఏమిటని మాస్టారు పొమ్మన్నారు.

“ఏం చేస్తున్నావిక్కడ?”

“తుడుస్తున్నాను సార్. ఎవరైనా జారి పడతారని.”

“తుడవడానికి జక్కయ్య లేడూ?”

మాస్టారు కిందికి చూశారు. నేల ఆరినచోట తెల్లటి మరక కట్టింది. వాన నీటికి తెల్ల మరక ఎందుకు కడుతుంది? గొడుగు కొస నుంచి కారుతున్న చుక్కను వేలితో అందుకుని నాలుక మీద పెట్టుకున్నారు.

ఉప్పు!

ఇన్నేళ్ళలో ఆ గొడుగు ఏనాడూ ఉప్పునీళ్ళు కార్చలేదు. మబ్బులోంచి ఉప్పునీళ్ళు పడతాయా? హాస్టల్లో ఉప్పు దొరుకుతుంది. ఈ పిల్లకు శనివారం సెలవు కావాలి. వాన నీళ్ళ కోసం ఎక్కడికి పోతుంది, వంటింటి ఉప్పు కుండలో నీళ్ళు కలిపి తెచ్చి పోసి ఉంటుంది. మాస్టారికి ఒక్కసారిగా అంతా తేటతెల్లమైపోయింది. అలా తేటతెల్లమైనప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చేది. ఆ వెలుగు చూస్తే పిల్లలు పక్కకు తప్పుకునేవారు.

“నేను పోయలేదు సార్,” అంది గంగారత్నం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“అది విచారణలో తేలుతుంది. శనివారం పొద్దుటికి మీ పెద్దల్ని తీసుకురా. రాకపోతే టీసీ ఇచ్చి పంపించేస్తాం.”

టీసీ అంటే ఆ పిల్లకు చదువు అయిపోయినట్టే. సెలవు సంగతి విచారణ తేలాకే అన్నారు మాస్టారు. ఆయనతో వాదించే ఓపిక లేక ఇశ్రాయేలు గారు సరేనన్నారు.

కాశీరావు చేపల లారీ రోజూ బందరు రోడ్డు మీద బెజవాడకు వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు ఐసు వేసుకుని పోతుంది. ఆ సాయంత్రం గంగారత్నం కాలేజీ గేటు దగ్గర లారీ ఆపి, ఏడుపు ఆపుకుంటూ, “పెద్దల్ని తీసుకురమ్మన్నారని మా పాలెంలో చెప్పు బాబాయ్,” అంది.

“ఏం చేశావమ్మా?”

“ఏం చెయ్యలేదు. మాట పడింది.”

కాశీరావు తలూపి లారీ కదిలించాడు.

గురువారం మాస్టారు గవర్నర్‌పేట వెళ్ళి కొత్త తాళంకప్ప కొనుక్కొచ్చారు. గొడుగును కొక్కెం మీంచి తీసి, పొడిగా తుడిచి, చరిత్ర విభాగంలో ఉన్న బీరువాలో తను రాసిన కాగితాల పక్కన పెట్టి తాళం వేశారు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. ఇక ఏ గంగారత్నం నీళ్ళు పోస్తుందో చూద్దామనుకున్నారు.

శుక్రవారం ఉదయం బీరువా తెరిచేసరికి నీళ్ళు మోకాళ్ళ మీదికి కొట్టాయి. యాభై ఏళ్ళ కాలేజీ చరిత్ర ముద్దయిపోయింది. ఎర్ర సిరా ‘ఆధారం?’లన్నీ కరిగి గులాబీ రంగు నీళ్ళయి బల్ల కిందికి పారాయి. బీరువా ముందు నేల మీద బూటు అడుగులు వచ్చినవీ వెళ్ళినవీ పడి ఉన్నాయి. మాస్టారు తడి కాగితాలు చేతుల్లోకి తీసుకున్నారు. ఏడుపొచ్చింది. అంతలోనే అనుమానమూ వచ్చింది.

“తాళం ఎవరు తీశారు? డూప్లికేటు చెవి చేయించారు. ఇందులో జక్కయ్య చెయ్యి కూడా ఉంది,” అన్నారు ఇంటికొచ్చి.

అమలమ్మ కూర తరుగుతూ, “మీ మొలతాడుకున్న చెవికి డూప్లికేటు ఎలా చేయిస్తారండీ?” అంది.

“అదే తేలాలి.”

“ఆ పిల్ల నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు. దొరగారు గొడుగు తడిపారని మీకు ఎందుకు తట్టడం లేదు?”

“దొరగారు తడిపితే ఉప్పగా ఎందుకుంటుంది?”

అమలమ్మ కత్తిపీట పక్కన పెట్టి లేచి వెళ్ళింది. మాస్టారికి అది గెలుపులాగే అనిపించింది.

శనివారం పొద్దున్నే ఆకాశం బూడిద రంగులో ఉంది. గాలి వీస్తోంది. రేడియోలో ఎక్కడో దక్షిణాన తుఫాను అన్నారని జక్కయ్య చెప్పాడు. అంతలో కాశీరావు లారీ గేట్లోంచి లోపలికే వచ్చేసింది. లారీ వెనక తలుపు తీశారు. తలపాగాల ముసలివాళ్ళు దిగారు. వాళ్ళ వెనక వాళ్ళ కొడుకులు, కోడళ్ళు, చంకల్లో పిల్లలు, పిల్లల చేతుల్లో కోడిపిల్లలు, ఓ సత్తు గిన్నెలో చద్దన్నం. చివర ఇద్దరు ఆడవాళ్ళు నిండు చూలాలు పేరమ్మను రెక్కలు పట్టుకుని దించారు. ఎంతకీ జనం తరగడం లేదు.

ఇశ్రాయేలు గారు కంగారుగా బయటికొచ్చారు. “ఆమోసు గారూ, మీరేమని కబురు చేశారు?”

“పెద్దల్ని తీసుకురమ్మన్నానండి. అమ్మానాన్నల్ని.”

“వీళ్ళంతా అమ్మానాన్నలేనా?”

కాశీరావు చేతులు కట్టుకుని, “పాలెంలో పెద్దలంటే కులపెద్దలేనండి,” అన్నాడు. “ఆడపిల్ల మీద మాట పడి పెద్దలు కూర్చుంటే ఇంటిల్లిపాదీ రావాలి. రాని ఇల్లు ఆ మాట నమ్మినట్టు లెక్క. అది వాళ్ళ కట్టుబాటు. పొయ్యి కూడా వెలిగించకుండా బయల్దేరారండి.”

అందర్నీ చాపెల్లో కూర్చోబెట్టారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. కులపెద్ద కొండలయ్య ముందుకొచ్చి చేతులు జోడించాడు.

“మా పిల్ల ఏం తప్పు చేసిందో చెప్పండి బాబూ. ఎంత పెద్ద తప్పైనా వింటాం.”

ఆమోసు మాస్టారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. గొడుగు, పరీక్ష, సెలవు, తెల్ల మరక, ఉప్పు. ఆయన చెబుతున్న కొద్దీ ఆ జనం మొహాలు విచ్చుకుంటూ వచ్చాయి. ఎవరో ముసలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

“గొడుగు తడిపిందనా?” అన్నాడు కొండలయ్య. “ఇంకేం లేదా బాబూ?”

“ఇది చిన్న విషయం కాదు.”

“దణ్ణం బాబూ. ఏమో ఏమో అనుకుని పానాలు అరచేత పెట్టుకొచ్చాం. పిల్లని మందలిస్తాం, ఒగ్గేయండి.” అతను వెనక్కి తిరిగాడు. “లేవండ్రా! ఇప్పుడు బయల్దేరితే పొద్దుగూకేలోపు ఇల్లు చేరొచ్చు. పేరమ్మకి గాజులు తొడుగుదాం.”

జనం లేచారు. మాస్టారికి ఒళ్ళు మండింది. “ఆగండి, సాక్ష్యం చూసి వెళ్ళండి,” అని చరచరా చరిత్ర విభాగానికి నడిచారు. జక్కయ్య వెనకే వెళ్ళాడు.

బీరువా తెరిచారు. నీళ్ళు ఈసారి నల్లగా వచ్చాయి. నీళ్ళతో పాటు ఇసుక వచ్చింది. గొడుగు మడతల్లోంచి వలకు కట్టే బెండు ముక్క ఒకటి జారి నేల మీద పడింది. దాని వెనక గలగలమంటూ ఆకుపచ్చ గాజులు పడ్డాయి. కొత్త గాజులు, ఇంకా దారంతో కట్టే ఉన్నాయి. సగం విరిగిపోయి ఉన్నాయి.

మాస్టారు వంగి ఆ గాజుల కట్టను తీసుకున్నారు. పేరమ్మకు తొడగాల్సిన గాజులు పాలెంలో, ఇంట్లో ఉండాలి. చాపెల్లో పేరమ్మ చేతులకు పాత గాజులే ఉన్నాయి, ఇందాకే చూశారు. గాజులు ఇంట్లోంచి ఇక్కడికి రావాలంటే ఇల్లు ఉండకూడదు. తాను బుధవారం నుంచి రుచి చూస్తున్నది ఉప్పు కలిపిన నీళ్ళు కాదు. దొర ఈసారి వచ్చింది వానలోంచి కాదు. సముద్రం ఒడ్డు దాటి ఊళ్ళ మీదికి రాబోతోంది.

ఆమోసు మాస్టారు జీవితంలో మొదటిసారి ఆధారం అడగలేదు.

చాపెల్ వైపు పరుగెత్తబోయి ఆగారు. సముద్రం వస్తోందని చెబితే ఏమవుతుంది? ఆ మగవాళ్ళకు ఒడ్డున పడవలున్నాయి, వలలున్నాయి. వాటి కోసం ఇప్పుడే లారీ ఎక్కుతారు. వాళ్ళ వెనకే ఆడవాళ్ళూ ఎక్కుతారు. చెబితే చంపినట్టే.

మాస్టారు కారుతున్న గొడుగును చంకలో పెట్టుకుని చాపెల్లోకి వచ్చి అరిచారు.

“జక్కయ్యా, తలుపులు వెయ్యి! విచారణ కాలేదు. ఒక్కరు కూడా కదలడానికి వీల్లేదు.”

“ఇదేం దౌర్జన్యం బాబూ?” అన్నాడు కొండలయ్య.

“ఈ పని ఒక్క పిల్ల చేసింది కాదు. మీలో ఎవరో నేర్పించారు. నాకు మీ అందరి మీదా అనుమానం ఉంది. ఇప్పుడు లేచి వెళితే మీ పిల్ల తప్పు ఒప్పుకున్నట్టే. టీసీ మీద ఆ మాటే రాస్తాను.”

ఆ మాటకు కొండలయ్య కూలబడ్డాడు. జనమంతా కూర్చున్నారు. గంగారత్నం మాస్టారి వైపు చూసిన చూపులో అసహ్యం తప్ప ఇంకేం లేదు. జక్కయ్య మాత్రం బీరువా దగ్గర ఇసుక చూసినవాడు కాబట్టి, మారు మాట్లాడకుండా గడియ పెట్టి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

ఇక మాస్టారు అడగడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. నీ పేరేంటి, నీ ఇంట్లో గొడుగుందా, ఉప్పు ఏ సంతలో కొంటావు, ఆ సంతకు ఎవరితో వెళతావు. ముసలమ్మను పెళ్ళినాటి వాన గురించి అడిగారు. చంటిదాన్ని చంకనేసుకున్న ఆవిణ్ణి ఆ పిల్ల దొంగతనంగా ఉప్పు తింటుందా అని అడిగారు. ఆ అడగడానికి అంతూ పొంతూ లేదు. ఇశ్రాయేలు గారు, “మీకు మతి పోయిందా?” అని చెవిలో అన్నారు. మాస్టారు ఆయన్ని కూడా ఓ ప్రశ్న అడిగారు. మధ్యాహ్నం అమలమ్మ మెస్సులో అన్నం వండించి పట్టుకొచ్చింది. భర్త మొహం చూసింది. ఏమిటని అడగలేదు, వడ్డించడం మొదలుపెట్టింది.

పొద్దు వాలేసరికి గాలి ఈల వేయడం మానేసి అరవడం మొదలుపెట్టింది. పైకప్పు పెంకులు ఎగిరిపోయాయి. బయట చెట్లు పడుతున్న చప్పుడు. రోడ్డు చూడ్డానికి వెళ్ళిన కాశీరావు తడిసి ముద్దయి లోపలికొచ్చి, “బందరు రోడ్డు మూసుకుపోయిందండి. చెట్టు పక్కన చెట్టు. సైకిలు కూడా పోదు,” అన్నాడు.

అప్పుడు మాస్టారు బల్ల మీద కూలబడ్డారు. గొంతు పోయింది. చంకలోని గొడుగు కారడం ఆగిపోయింది.

“ఇంకా ఎవరైనా రావాల్సినవాళ్ళు మిగిలారా?” అని అడిగారు. నిజంగా తెలుసుకోవాలని ఆ రోజంతటిలో అడిగిన ప్రశ్న అది ఒక్కటే.

“అంతా వచ్చేశాం బాబూ,” అన్నాడు కొండలయ్య. “పిల్ల మేనమామ ఒక్కడే లేడు. పెద్దబ్బాయి. పేరుకే పెద్దబ్బాయి, ఇంకా పెళ్ళి కాలేదు. ఈడొచ్చి పెళ్ళి కానోడు పెద్దల్లో కూకోకూడదు. వస్తానని ఏడ్చాడు. పెద్దల్ని రమ్మంటే నువ్వెందుకురా, పడవలు కాసుకో అని నేనే కసిరాను.”

మాస్టారికి ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. గంగారత్నాన్ని కాలేజీలో చేర్పించడానికి తీసుకొచ్చింది అతనే. చెప్పులు గేటు బయట విడిచి లోపలికొచ్చి, “మా పిల్ల బాగా చదువుద్దండి,” అని నలుగురికీ నాలుగుసార్లు చెప్పాడు. మాస్టారు చేతిలో గాజులు ఉన్నాయని మరిచి పిడికిలి బిగించారు.

ఆ సాయంత్రం సముద్రం ఏం చేసిందో కృష్ణా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. పాలెం ఉన్నచోట ఇసుక ఉందని కబురు వచ్చేసరికి కొన్ని రోజులు పట్టింది. చాపెల్లో ఏడుపులు మిన్నంటాయి. కొండలయ్య ఏడవలేదు. మాస్టారి ఎదుట వచ్చి నిలబడ్డాడు.

“మీకు ముందే తెలుసా బాబూ?”

“అనుమానం వచ్చింది.”

“మాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీరు వెళ్ళిపోతారు.”

కొండలయ్య దణ్ణం పెట్టలేదు, తిట్టలేదు. “వాణ్ణి కూడా పెద్దల్లో కలుపుకోవాల్సింది. నా నోటి మాటే వాణ్ణి అక్కడ ఒగ్గేసింది,” అని వెళ్ళి తన వాళ్ళ మధ్య కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు మిషను నుంచి ఒక పెద్దాయన వచ్చి, స్వర్ణోత్సవం దగ్గర పడుతోంది, చాపెల్ ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగాడు. ఆమోసు మాస్టారు అడ్డం తిరిగారు. వీళ్ళ మీద విచారణ నడుస్తోంది, తేలేదాకా ఎవరినీ పంపడానికి వీల్లేదన్నారు. ఎప్పుడు తేలుతుందంటే, వాయిదా పడిందన్నారు. పేరమ్మ చాపెల్లోనే ప్రసవించింది. స్వర్ణోత్సవం చెట్ల మోడుల మధ్య, పుస్తకం లేకుండా జరిగింది. మళ్ళీ ఇళ్ళు లేచి, పడవలు దొరికి, పాలెం జనం కాశీరావు లారీ ఎక్కేదాకా ఆ విచారణ వాయిదా పడుతూనే ఉంది. వెళ్ళేటప్పుడు గంగారత్నాన్ని వాళ్ళు కాలేజీలోనే వదిలి వెళ్ళారు. ఆ పిల్ల మాస్టారితో పాఠం గురించి తప్ప మాట్లాడేది కాదు. మాస్టారు కూడా అడిగేవారు కాదు.

గొడుగు మళ్ళీ వరండాలో కొక్కేనికి ఎక్కింది. మరుసటి ఏడు జూనులో, తొలకరికి ముందు, ఒక ఉదయం జక్కయ్య తడి గుడ్డ పట్టుకుని వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. పరీక్ష పాసయ్యి, సర్టిఫికెట్ల కోసం వచ్చిన గంగారత్నం కూడా వచ్చి నిలబడింది. మాస్టారు వెనకాల ఆగారు.

గొడుగు కింద నేల మీద ఎప్పటిలాగే బూటు అడుగులు ఉన్నాయి. వాటి పక్కనే, వాటితో సమంగా నడుస్తూ, చెప్పులు లేని కాళ్ళ అడుగులు ఉన్నాయి.

జక్కయ్య గుడ్డ పట్టుకుని వంగాడు.

“తుడవొద్దు జక్కయ్యా,” అంది గంగారత్నం.

మాస్టారు వేలు చాచి గొడుగు కొసన ఉన్న చుక్కను నాలుక మీద పెట్టుకున్నారు. మంచినీళ్ళు. “తియ్యగానే ఉన్నాయి,” అన్నారు ఆ పిల్లతో. ఆ అడుగులు ఎవరివని ఆయన అడగలేదు.